నిండిందా, నిండుకుందా

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ప్రొద్దుటూరు బజారులో బియ్యం అంగడి ముందు నుంచి పోతుంటే ఎండు వేపాకు వాసన తగిలింది. అంగడాయన గోతం మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, నలిగిన ఆకు గుప్పెళ్ళతో తీసి బయట పారేస్తున్నాడు. బియ్యానికి పురుగు పట్టకుండా వేసే ఆకే. ఈ కాలంలో ఎవరూ వేయడం లేదనుకున్నాను. ఆ చేదు వాసనకు న్యాయంగా నాకు కళ్ళలో నీళ్ళు తిరగాలి. తిరగలేదు. ఓబులక్క గుర్తుకొస్తే నాకు ముందు దుఃఖం రాదు, తికమక వస్తుంది. ఆ తికమకతోనే అంగడి ముందు నిలబడిపోతే, ఆయన నాకేదో కావాలనుకుని ధర చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె పోయి చాలాకాలమైంది. ఆమెను చూడని మీకు ఆమె ఎలాంటిదో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పిసినారి అంటే అబద్ధం. చేతికి ఎముక లేని మనిషి అంటే అదీ అబద్ధమే. నేను బతుకంతా బడిలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఒక ప్రశ్నకు ఒకటే జవాబు ఉంటుందని బల్ల గుద్ది చెప్పినదాన్ని. ఓబులక్క దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడు లెక్క వేసినా నాకు రెండు జవాబులు వస్తాయి. ఖర్మ కొద్దీ రెండూ సరిపోతాయి.

మాది జమ్మలమడుగు. ఎస్సెస్సెల్సీ పాసైన ఏడే నాకు పెళ్ళి చేసి ప్రొద్దుటూరుకు కాపురానికి పంపారు. మా ఆయన తాలూకా ఆఫీసులో క్లర్కు. అప్పుడే రాష్ట్రం పేరు మారి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి, ఆఫీసులో ఏ కాగితం ఎక్కడికి పంపాలో తెలియక అందరూ జుట్టు పీక్కుంటున్న రోజులు. ఒకే వాకిలి, రెండు వాటాలున్న ఇంట్లో మేము ఒక పక్క, ఓబులక్క వాళ్ళు ఇంకో పక్క. ఆమె భర్త సుబ్బన్న పత్తి మిల్లులో తూకాల గుమాస్తా. ఆయన్ను నేను బావా అనేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున నేను అగ్గిపుల్ల గీసి పొయ్యి అంటిస్తుంటే ఆమె గడపలో నిలబడి చూసింది. గడప దాటి లోపలికి రావడానికి ఆమెను ఎవరూ పిలవనక్కరలేదు.

"ఏందిమే, అగ్గిపుల్ల గీస్తాండావు?" అంది.

"పొయ్యి అంటించొద్దా అక్కా?"

"నా పొయ్యి మండుతాంది గదా. గోడకవతల నిప్పు పెట్టుకోని ఈడ పుల్ల గీస్తావా? ఆ టెంకాయ చిప్ప తీసుకోని రా."

చిప్పలో ఆమె పొయ్యిలోని నిప్పులు తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో అగ్గిపెట్టె దేవుడి దీపానికి తప్ప దిగలేదు. బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూర మడికి, ఆకుకూర కడిగిన నీళ్ళు వాకిట్లో కల్లాపికి. చినిగిన చీర దుప్పటి లోపలికి పోయేది, దుప్పటి చినిగితే మసిగుడ్డ అయ్యేది. ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఇవన్నీ నాకు నేర్పింది. నేర్చుకున్నానే గానీ లోపల ఒళ్ళు మండేది. చెప్పొద్దూ, ఈమె పక్కింట్లో కాకుండా పక్క ఊళ్ళో ఉంటే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

ఒకరోజు నేను మాటవరసకు "బియ్యం అయిపోయినాయక్కా" అన్నాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టినంత పని చేసింది.

"అట్లనగూడదు. గింజ అయిపోయిందని నోటితో అంటే ఇల్లు వింటుంది. నిండుకున్నాయి అనాల."

మా అమ్మా ఆ మాటే అనేది. తెలుగిళ్ళలో అనని వాళ్ళెవరు? కానీ ఓబులక్క బియ్యంతో ఆపలేదు. నూనె నిండుకునేది, కిరసనాయిలు నిండుకునేది, నెలాఖరుకు సుబ్బన్న బావ జేబు నిండుకునేది. ఆ ఇంట్లో ఖాళీ అయినవన్నీ నిండుతూనే ఉండేవి. వేళాకోళంగా నేను, "మీ ఇల్లంత నిండిన ఇల్లు జిల్లాలో లేదక్కా" అంటే ఆమె నవ్వేది కాదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో ఊరు ఊరంతా అయోమయంలో పడింది. అణాకు ఆరు నయాపైసలు, కానీ మూడణాలకు పంతొమ్మిది. ఈ ముచ్చట ఓబులక్క చెవిన పడిన రోజు ఆమెకు మూడణాల చింతపండు కావలసి వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోయి, అణా చింతపండు కొని, వీధి మలుపు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇంకొక అణా చింతపండు ఈయప్పా" అంది. మూడోసారి కూడా వచ్చేసరికి అంగడాయన తక్కెడ కింద పెట్టేశాడు.

"ఒకేసారి అడిగితే ఏమమ్మా? ఎండలో ఎన్నితూర్లు తిరుగుతావు?" అన్నాడు.

"ఒకేసారి అడిగితే పంతొమ్మిది అంటావు గదప్పా. ఎండకు నేనేం దుడ్లు ఇయ్యల్లేదే" అంది ఓబులక్క.

ఆ ఒక్క పైసా గెలుచుకుని వస్తుంటే, దారిలో గాజుల మాబు సాయిబు ఇంటి ముందు ఆగింది. ఆయన ఊరూరూ తిరిగి గాజులమ్మేవాడు. ఆయన కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. పులుపు మీద మనసు పోతోందని ఆ పిల్ల అన్నదో లేదో, ఓబులక్క పొట్లం విప్పి సగానికి పైగా చింతపండు ఆమె కొంగులో వేసేసింది. నాకు మతి పోయింది. ఇల్లు చేరేదాకా ఆగలేక అడిగాను.

"ఒక పైసా కోసరం మూడుతూర్లు తిరిగి, పొట్లంలో సగం ఇచ్చేస్తివేమక్కా?"

"అది వేరే, ఇది వేరే" అంది.

ఎట్లా వేరో చెప్పలేదు. నేను ఎప్పుడు ఏం అడిగినా ఆమె చివరికి చెప్పే మాట అదే. అది వేరే, ఇది వేరే. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినా ఆ గీత ఎక్కడ గీసుకుందో నాకు దొరకలేదు.

నాకు టీచరు ట్రైనింగుకు పోవాలని ఉండేది. మా ఆయన వద్దనలేదు. "చదువుకో. అప్పు మాత్రం చెయ్యను" అన్నాడు. క్లర్కు జీతంలో ఇంటి బాడుగ, జమ్మలమడుగు రాకపోకలు, వచ్చేపోయే చుట్టాలు పోగా మిగిలేది ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. కడపలో హాస్టలుకు ముందుగా కట్టాలి, పెట్టె కొనాలి, కట్టుకోవడానికి మంచి చీరలు ఉండాలి. ఓబులక్క ముందు ఒకరోజు నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. లేచి పోయి, వాళ్ళ వంటింటి మూలలో ఉన్న మట్టి బాన కడిగి, ఎండబెట్టి, అడుగున వేపాకు పరిచింది.

"పూటపూటా ఎసట్లో పోసే ముందర ఒక పిడికిలి వెనక్కి తీసి దీంట్లో వెయ్యి. నిండినప్పుడంతా అమ్మి దుడ్లు దాచిపెడతా. ఎన్నితూర్లు నిండితే నీ సదువుకు సరిపోతాదో నాకు ఎరుకలే."

"మా ఇంట్లోనే పెట్టుకుంటా గదా అక్కా?"

"మీ ఇంట్లో పెట్టుకుంటే చుట్టాలొచ్చిన పొద్దు తీసి వండేస్తావు. నా ఇంట్లో ఉంటే అడిగేదానికి సిగ్గుపడతావు."

ఆమె చెప్పినట్టే అయింది. చాలాసార్లు అడుగుదామని గోడ దాకా పోయి, సిగ్గేసి వెనక్కి వచ్చాను. ఒకసారి తొందరగా నిండాలని రెండు పిడికిళ్ళు పట్టుకుపోతే ఒకటి నా కొంగులోనే తిరిగి పోసింది. "మీ ఆయన కడుపు మాడ్చి ఈడ పోయొద్దు. పిడికిలంటే పిడికిలే" అని కసిరింది. బాన నిండేది, బియ్యం ఒక భోజనాల హోటలుకు పోయేది, డబ్బు ఆమె దగ్గర చేరేది. ఎంత చేరిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇలా ఉండగా మా ఆయనకు పులివెందులకు బదిలీ అయింది. నా ప్రాణం ఉసూరుమంది. సామాను బండికి ఎక్కిస్తుంటే ఓబులక్క వచ్చి, "నువ్వు ఆడ గూడ తీస్తాండు. ఈడ నేను నీ పేరు మింద తీస్తాంటా. కడాతూరి నిండిన పొద్దు కబురు చేస్తా" అంది.

"మీ బియ్యంలోంచి నా పేరు మీద ఎందుకు తీయాల? ఇదేం లెక్కక్కా?"

"అది వేరే, ఇది వేరే. బండి ఎక్కు."

పులివెందులలో నేను పిడికిలి తీయడం మానలేదు. ట్రైనింగుకు పెట్టిన దరఖాస్తుకు సీటు వచ్చింది. చేరే గడువు దగ్గర పడుతోంది. ఓబులక్క కబురు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. కబురు రాలేదు గానీ, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వాళ్ళు వేరే సంగతులు చెప్పారు. ఆ ఏడు పంట పోయి పత్తి మిల్లు మూతబడిందట. సుబ్బన్న బావ పని లేక ఇంట్లో కూర్చున్నాడట. దగ్గు కూడా పట్టుకుందట.

అప్పుడు ఒకరోజు మాబు సాయిబు గాజుల మలారం భుజాన వేసుకుని మా వాకిట్లో దిగాడు. నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని నిదానంగా చెప్పాడు.

"ఓబులక్క నీకు చెప్పమనిందమ్మా. బాన నిండుకునిందంట. ఒకతూరి వచ్చి పొమ్మనింది."



"నిండింది అనిందా, నిండుకునింది అనిందా?" అని అడిగాను.

ఆయన నా ముఖం వైపు వింతగా చూశాడు. ఆయనకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండూ ధారాళంగా మాట్లాడతాడు. "రెండూ ఒకటే గదమ్మా. నిండేదే గదా?" అన్నాడు.

"ఆమె ఏ మాట అనిందో గుర్తు చేసుకోప్పా. మొగమెట్లుండె?"

"ఎప్పుడూ ఉన్నట్టే ఉండె. ఏంది తల్లీ, ఏమన్నా తప్పుగా చెప్పినానా?"

తప్పో ఒప్పో తెలిస్తే నేనెందుకు అడుగుతాను? నిండితే నేను చదువుకు పోతాను. నిండుకుంటే, నా చదువు బియ్యం ఆ ఇద్దరి కడుపులోకి పోయిందని, ఇప్పుడు వాళ్ళకు తిండి లేదని, నోరు తెరిచి అడగలేని మనిషి నన్ను రమ్మని పిలుస్తోందని అర్థం. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన చొక్కా విప్పుతూ, "మిల్లు మూసిన ఇంట్లో బాన నిండుతుందా? నీ చదువు అయినట్టే" అన్నాడు. నాకు చెప్పరాని కోపం వచ్చింది. కానీ అంతలోనే ఆయన గోనెసంచి తెచ్చి నేను పులివెందులలో దాచిన బియ్యమంతా దాంట్లో పోసి మూతి కట్టాడు. "తిండికి ఎట్లుండారో ఏమో. పొద్దున్నే బస్సుకు పో" అన్నాడు. చదువు పోయిందని ఏడవాలో, ఆమె పస్తులుంటోందని ఏడవాలో తెలియక రెంటికీ కలిపి ఒకేసారి ఏడ్చాను.

తొండూరు దాటి, ముద్దనూరులో బస్సు మారి, ప్రొద్దుటూరు చేరేదాకా దారి పొడవునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. తీరా సంచి వాకిట్లో దించాక అనుకున్నదేదీ గుర్తు లేదు. ఓబులక్క బయటికి వచ్చి ముందు నన్ను కాదు, సంచిని చూసింది.

"ఏందిమే ఇది?"

"బియ్యమక్కా."

"ఎవురికి?"

ఆమె కొంచెంసేపు ఆ సంచి వైపే చూసి, "మంచిదే" అని, దాన్ని లోపలికి లాక్కుపోయి ఎసరు పెట్టింది. ఆ పూట ఆమె పిడికిలి వెనక్కి తీయలేదు. నేను కళ్ళారా చూశాను. సుబ్బన్న బావ వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మారు అడిగితే ఆమె గిన్నె వంచి పోసింది. ఆయన ఆకలి మీద అట్లా తిన్నాడో, ఎప్పుడూ అట్లాగే తింటాడో నాకేం తెలుసు? అంతకుముందు ఆయన అన్నం తింటుంటే నేనెప్పుడూ చూడలేదు.

తిన్నాక ఆమె అటక మీద నుంచి ఒక గుడ్డ మూట దించి నా ఒడిలో పెట్టింది. "హాస్టలుకు, పెట్టెకు, రెండు చీరలకు. సరిపోతాది" అంది.

"అక్కా, మరి బాన..."

"నిండిందని చెప్పి పంపితే బియ్యం మోసుకోనొస్తివి. సదువుకున్నదానివి" అని నవ్వింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఊపులోనే మూలకు పోయి బానలోకి తొంగి చూశాను. అడుగున వేపాకు తప్ప ఒక్క గింజ లేదు.

"ఖాళీగా ఉందే?"

"అమ్మినాక ఖాళీగా ఉండక ఎట్లుంటాదిమే?" అంది.

నిజమే కదా. అమ్మిన బాన ఖాళీగానే ఉంటుంది. తినేసిన బాన కూడా ఖాళీగానే ఉంటుంది. తిరిగి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు కనిపించింది, ఆమె చెవులు బోసిగా ఉన్నాయి. పుట్టింటి వాళ్ళు పెట్టిన కమ్మలు. నిద్రలో కూడా తీయడం నేను చూడలేదు.

"కమ్మలేవక్కా?"

"చెవికి పుండు పడింది. తీసి పెట్టెలో పెట్టినా."

దగ్గరికి జరిగి చూశాను. తమ్మె మీద ఎర్రగా ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. ఒడిలో మూట బరువుగా ఉంది. తిరిగి ఇచ్చేద్దామా అనుకున్నాను. ఇస్తే, ఆమె చెప్పినవన్నీ అబద్ధమని ఆమె ముఖం మీదే అన్నట్టవుతుంది. తీసుకుంటే ఆమె కమ్మలు నేను ఎత్తుకుపోయినట్టవుతుందేమో. ఏం చేయాలో తోచక బస్సు వేళయిందన్నాను.

సుబ్బన్న బావ బస్సు దాకా వచ్చాడు. దారిలో దగ్గు ఆగినప్పుడు చూసి అడిగాను. "బావా, నిజం చెప్పు. అక్క కమ్మలు యాడుండాయి?"

"నన్నడగాకమ్మా" అన్నాడు ఆయన. "ఆ ఇంట్లో ఏది నిండిందో, ఏది నిండుకునిందో నాకు తెలియక శానా ఏండ్లాయ."

నేను కడపకు పోయాను, ట్రైనింగు అయింది, రాజుపాలెంలో ఉద్యోగం దొరికింది. మిల్లు మళ్ళీ తెరిచారు, బావ మళ్ళీ తక్కెడ ముందు కూర్చున్నాడు. జీతం డబ్బు కొంచెం కొంచెం వెనకేసి నేను ఒక జత కమ్మలు చేయించి, ఒక ఆదివారం ప్రొద్దుటూరు పోయి ఓబులక్క చేతిలో పెట్టాను.

"ఎవురికి?" అంది.

"నీకే."

"నాకుండాయి గదా."

"యాడుండాయి?"

"పెట్టెలో."

"చూపించు చూద్దాం."

"బీగం చెవి మీ బావ దగ్గరుంది. ఆయప్ప మిల్లుకు పోయినాడు."

ఇక ఈమెతో మాటలు లాభం లేదని, "ఇట్లా తిరుగక్కా" అని గద్దించాను. చిన్నపిల్ల మాదిరి చెవి నా వైపు తిప్పి కూర్చుంది. కమ్మ కాడ తూటు మీద పెట్టి ఒత్తాను. పోలేదు. కొంచెం గట్టిగా ఒత్తాను. చిన్న నెత్తుటి బొట్టు వచ్చింది. ఆమె అమ్మా అని కూడా అనలేదు. రెండో చెవీ అంతే.

"పూడిపోయినాయే" అంది, నాకన్నా ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు. అని, వెంటనే తేరుకుని, "పుండు పడిందని అప్పుడే చెప్తి గదా. ఇప్పుడన్నా నమ్ము" అంది.

నమ్మాను. పుండు పడితేనే తూటు పూడుతుంది. నమ్మలేదు. ఏళ్ళ తరబడి ఏమీ పెట్టుకోకపోయినా పూడుతుంది. నేను ఆ రెంటి మధ్య కొట్టుకుంటూ ఉండగానే ఆమె నా చెవులకున్న రాళ్ళ దిద్దులు ఊడదీసి, ఆ కమ్మలు నాకే పెట్టి, మరలు బిగించింది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. బిగించాక నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. నేను వాకిట్లో కూర్చుని ఏడ్చాను. ఎందుకో అడిగితే అప్పుడూ చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ ఒక్కటే తికమక లేకుండా చెప్పగలను.

అవి ఇప్పటికీ నా చెవులకే ఉన్నాయి. పోయిన ఏడు ఒకదాని కాడ విరిగితే అతికించమని బజారులో ఆచారికి ఇచ్చాను. కమ్మను చిన్న కాగితంలో చుట్టి, పైన పేరు రాయడానికి కలం తీసి, "ఎవరి పేరు రాయమంటారమ్మా?" అని అడిగాడు. రోజూ వంద మందిని అడిగే మాటే. ఆయన కలం పట్టుకుని ఎదురు చూస్తుంటే, చివరికి ఓబులమ్మ అని రాసుకోమన్నాను. మరుసటి రోజు పోతే అంగడి ముందు బల్ల మీద నాలాగే ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన సర్దుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆచారి ఒక పొట్లం చేతిలోకి తీసుకుని, పేరు చదివి, "ఓబులమ్మా" అని పిలిచాడు.

నేను పలికాను.